ఇక్కడి ఆటలో అక్కడ మిగిలేదెంత?

ఈ ఏడు కళాశాల బాస్కెట్‌బాల్ జట్టు ఎంపికలు ముగిసిన సాయంత్రం ఒక విద్యార్థి నన్ను స్టాండు దగ్గర ఆపాడు. బండి తాళం తీస్తున్నవాణ్ణి ఆగిపోయాను.

"సార్, ఒక్కమాట. ఈ ఆటనే బతుకుదెరువు చేసుకుందామనుకుంటున్న. నేను పనికొస్తనా? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

రెండో సంవత్సరం చదువుతున్నాడు. మన కోర్టులో వింగ్‌లో ఆడుతాడు. బంతి చేతికి వస్తే చాలు, చుట్టూ నిలబడ్డవాళ్లు కేకలు పెడతారు. "ఆలోచించి చెప్తనయ్యా" అని ఆ పూట తప్పించుకున్నాను. జవాబు తెలియక కాదు. వెనుక ఒకసారి ఇదే ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పి తప్పు చేసినవాణ్ణి గనుక.

కొన్నేళ్ల క్రితం మరొక అబ్బాయి ఇట్లాగే అడిగితే, "నీకేం భయం లేదు, తప్పక పోతవు" అని భుజం తట్టాను. అతను నా మాట నమ్మాడు. మూడో సంవత్సరం పరీక్షలు వదిలిపెట్టి ఎంపికలకు వెళ్లాడు. అక్కడ అతని చేతికి బంతి వచ్చిందే తక్కువ. వచ్చినప్పుడల్లా ఎదుట తనకంటే పొడుగువాడు, తనకంటే వడిగలవాడు నిలబడి వున్నాడు. తిరిగివచ్చి, డిగ్రీ రెండేండ్లు ఆలస్యంగా పూర్తిచేశాడు. ఇప్పటికీ గడియారం స్తంభం దగ్గర కనబడితే నవ్వి నమస్కారం పెడతాడు. ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. అతను ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధ. నేను చూసింది అతను వేసిన పాయింట్లను, చూడవలసింది వేరే వుంది. ఆ వేరే ఏమిటో నా పరిమితిలో చెప్పడానికే ఈ వ్యాసం.

వింగ్ అంటే ఎవరు?

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నెయిస్మిత్ అనే ఉపాధ్యాయుడు పీచ్ పండ్ల బుట్టలు కట్టి ఈ ఆట మొదలుపెట్టినప్పుడు ఎవడు ఎక్కడ ఆడాలన్న లెక్క అంత స్థిరంగా లేదు. తరువాత తరువాత పనులు విడిపోయాయి. బంతిని నడిపించేవాడు గార్డ్. రింగు కింద కాచుకునేవాడు పోస్ట్. మన పాతకాలపు ఆటగాళ్లు అతణ్ణి పివట్ అనేవారు. ఈ ఇద్దరి నడుమ, కోర్టుకు రెండు పక్కలా, మూల నుంచి నలభై అయిదు డిగ్రీల కోణం దాకా తిరిగేవాడు వింగ్. దూరం నుంచి షాట్ వేయాలి, సందు దొరికితే రింగు దాకా దూసుకుపోవాలి. అవతలి జట్టులో ఎక్కువ పాయింట్లు వేసేవాణ్ణి ఆపడం కూడా చాలాసార్లు ఇతని నెత్తినే పడుతుంది.

ఇక్కడే మొదటి చిక్కు. కళాశాల జట్టులో ఆరడుగుల కుర్రవాడు పొడుగువాడే. అవసరమైతే పోస్ట్‌లో కూడా నిలబెడతాం. భారత జట్టులో ఆరడుగులవాడు గార్డ్‌గా ఆడాలి. మన దేశపు వింగ్ ఆటగాళ్లలో పేరెన్నికగన్న విశేష్ భృగువంశీ ఎత్తు సుమారు 6 అడుగుల 4 అంగుళాలు. అమెరికాలోని ఎన్‌బీఏలో వింగ్ ఆటగాళ్లు సాధారణంగా 6 అడుగుల 5 అంగుళాల నుంచి 6 అడుగుల 9 అంగుళాల మధ్య వుంటారు.

కనుక "ఇతను మంచి వింగ్ ఆటగాడేనా?" అని అడిగితే చాలదు. "పై మెట్టుకు పోతే ఇతను ఏ స్థానంలో ఆడవలసి వస్తుంది, ఆ స్థానానికి కావలసిన పని ఇతనికి వచ్చునా?" అని అడగాలి. ఇక్కడ వింగ్‌లో ఆడే ఆరడుగులవాడు అక్కడ గార్డ్ కావాలి. అంటే ఎడమచేత్తో కుడిచేత్తో సమానంగా డ్రిబుల్ చేయాలి, ఒత్తిడిలో బంతి పోగొట్టుకోకుండా నడిపించాలి. ఆ సాధన ఇరవై ఏండ్లకు మొదలుపెడితే ఆలస్యమే. నేను మొదటి అబ్బాయి విషయంలో ఈ ప్రశ్నే వేసుకోలేదు.

పాయింట్లు చేసే మోసం

మనవాళ్లకు స్కోరుబుక్కులో చివరి అంకె మీదనే కన్ను. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక మ్యాచిలో 'క' అనే ఆటగాడు 26 పాయింట్లు చేశాడనుకోండి. రెండు పాయింట్ల షాట్లు 24 వేసి 10 దింపాడు. మూడు పాయింట్లవి 6 వేసి ఒకటి దింపాడు. ఫ్రీ త్రోలు ఆరింట మూడు. 'చ' అనే ఆటగాడు 14 పాయింట్లు చేశాడు. రెండు పాయింట్లవి ఆరింట నాలుగు, మూడు పాయింట్లవి నాలిగింట రెండు. చప్పట్లన్నీ 'క'కే. కాని అతను 30 షాట్లు వాడుకొని 23 పాయింట్లు తెచ్చాడు, అంటే షాటుకు ముప్పాతిక పాయింటు. 'చ' 10 షాట్లకే 14 తెచ్చాడు, అంటే షాటుకు దాదాపు ఒకటిన్నర. నలభై నిమిషాల ఆటలో ఒక జట్టుకు వచ్చే అవకాశాలు సుమారు డెబ్బై, ఎనభై. అందులో 19 షాట్లు ఒక్కడే వృథా చేస్తే మిగిలిన నలుగురూ ఏం చేయాలి?

పై మెట్టులో 'క'కు 30 షాట్లు ఎవరూ ఇవ్వరు. అక్కడ అతనికంటే మంచివాడు వుంటాడు, బంతి ఆ మంచివాడి చేతిలో వుంటుంది. ఇతనికి ఆరో ఏడో షాట్లు దక్కుతాయి. అప్పుడు అతని ఆటలో మిగిలేదెంత? నాకు తోచినంతవరకు ఆటగాడి అంచనా మొత్తం ఈ ఒక్క ప్రశ్నలో వున్నది.

దీనికి అమెరికాలోనే రెండు మంచి ఉదాహరణలున్నాయి. ఆడం మారిసన్ అనే వింగ్ ఆటగాడు గొంజాగా విశ్వవిద్యాలయం తరఫున 2005-06లో మ్యాచికి సగటున 28.1 పాయింట్లు చేసి అక్కడి అగ్రశ్రేణి కళాశాల ఆటగాళ్లందరిలో మొదట నిలిచాడు. 2006 డ్రాఫ్టులో మూడోవాడుగా అతణ్ణి షార్లట్ జట్టు తీసుకున్నది. 2010తో అతని ఎన్‌బీఏ ఆట ముగిసింది. నడుమ మోకాలి దెబ్బ తగిలిన మాట నిజమే. కాని ఆ దెబ్బకు ముందే, మొదటి సంవత్సరంలోనే, షాట్లు అనుకున్నట్టు పడలేదు, ఎదుటివాణ్ణి ఆపడంలో కాళ్లు చాలలేదు.

రెండోవాడు క్వాయ్ లెనర్డ్. శాన్‌డియాగో స్టేట్‌లో రెండేండ్లు ఆడాడు. మూడు పాయింట్ల షాట్లు నూటికి 25 దగ్గర మాత్రమే పడేవి. 2011 డ్రాఫ్టులో 14 మందిని తీసుకున్న తరువాత 15వ వాడుగా అతని పేరు వచ్చింది. 2015, 2016లలో వరుసగా ఎన్‌బీఏలో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. 2014లో ఒకసారి, 2019లో మరొకసారి ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడుగా నిలిచాడు. ఇతని పాయింట్లను కాక మరిదేన్నో చూసినవాళ్లకు ఇతను దక్కాడు.

బార, కాళ్లు, కీళ్లు

ఆ చూసినదానిలో మొదటిది శరీరం. ఎత్తు ఒక్కటే కాదు. మన పెద్దలు నూతిలోతును, తాడు పొడుగును బారలతో కొలిచేవారు గదా, ఆ బారే ఇక్కడ పనికివచ్చేది. చేతులు రెండూ బారజాపితే ఈ కొస వేలు నుంచి ఆ కొస వేలు దాకా ఎంత? మామూలు మనిషికి బార దాదాపు ఎత్తుతో సమానం. లెనర్డ్ ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలైతే బార 7 అడుగుల 3 అంగుళాలు. ఎదుటివాడి పాస్‌కు అడ్డం పడేది, షాట్‌ను చెరిపేది, రీబౌండ్ అందుకునేది ఆ చేతులే. కనుక మన ఎంపికల్లో గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచినప్పుడే బార కూడా కొలిచి రాయాలని నా మనవి. టేపు ఒకటి చాలు.

తరువాత కాళ్లు. నిటారుగా ఎంత ఎగురుతాడన్నది అందరూ చూస్తారు. నడుము వంచి, అరికాళ్లు దాటేయకుండా, పక్కపక్కకు ఎంత వడిగా జరుగుతాడన్నది కొందరే చూస్తారు. వింగ్ ఆటగాడు డిఫెన్స్ ఆడేది ఆ పక్కనడకతోనే. అలసిపోయాక, నాలుగో క్వార్టర్‌లో, అదే నడక మిగిలిందా అన్నది ఇంకా ముఖ్యం.

మన జిల్లాకు సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. ఫ్లోరైడ్ నీళ్లు మర్రిగూడ, నారాయణపురం, చండూరు వైపు ఎన్ని కుటుంబాల ఎముకలను పిండిచేశాయో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. కృష్ణానీళ్లు వచ్చిన తరువాత పెరిగిన పిల్లల సంగతి వేరు. అయినా కీళ్లు పట్టేసినట్టున్నాయని ఎవరైనా అంటే "బద్ధకం" అని కసురుకోవద్దు. వైద్యులు ఊళ్లలో చేసే మూడు తేలిక పరీక్షలున్నాయి. మోకాళ్లు వంచకుండా నేలమీది నాణెం తీయాలి. గడ్డాన్ని ఛాతీకి ఆనించాలి. చేతులు పక్కలకు చాపి, మోచేతులు మడిచి తలవెనుక తాకాలి. ఇవి చేయలేకపోతే అదే రోగమని కాదు. డాక్టరుకు చూపించుకోవాలని మాత్రమే. గట్టి సిమెంటు కోర్టులో రోజూ ఎగిరి దూకే మోకాళ్లకు ఈపాటి జాగ్రత్త అవసరం.

షాట్‌ను ఎట్లా నమ్మాలి?

మూడు పాయింట్ల గీత మన ఆటలో రింగునుంచి 6.75 మీటర్లు, మూలల్లో 6.60 మీటర్లు. ఎన్‌బీఏలో ఎదురుగా 7.24 మీటర్లు, మూలల్లో 6.70 మీటర్లు. అంటే మూల నుంచి వేసే షాట్‌లో ఆ ప్రపంచానికీ మనకూ తేడా పది సెంటీమీటర్లే! వింగ్ ఆటగాడు ఎక్కువసేపు కాచుకునేది ఆ మూలల్లోనే. మూడు పాయింట్ల షాట్లు నూటికి 36 పడితే షాటుకు 1.08 పాయింట్లు వచ్చినట్టు. అదే ఫలితం రెండు పాయింట్ల షాట్‌తో రావాలంటే నూటికి 54 పడాలి. ఈ గుణకారం తెలిసినప్పటి నుంచే ప్రపంచమంతటా మూలన నిలబడి షాట్ దింపేవాడికి గిరాకీ పెరిగింది.

అయితే మన అబ్బాయి మ్యాచికి వేసేవి మూడో నాలుగో. నాలుగు మ్యాచిల్లో పదిహేను షాట్లు చూసి ఏం తేలుతుంది? అదృష్టం ఎంతో, చేతివాటం ఎంతో చెప్పలేం. దీనికి అనుభవజ్ఞులు వాడే ఉపాయం ఫ్రీ త్రో. ఎవడూ అడ్డం రాడు, దూరం మారదు. చేతిలో వున్న అసలు నేర్పు అక్కడ బయటపడుతుంది. లెనర్డ్ కళాశాలలో మూడు పాయింట్లవి ఎంత తప్పినా ఫ్రీ త్రోలు నూటికి 74 దాకా దింపేవాడు. చెయ్యి మంచిదే, షాట్ పద్ధతి సరిచేస్తే కుదురుతుందని అనుకోవడానికి అదొక ఆధారం. నిజంగానే ఎన్‌బీఏ మొదటి ఏడాదిలోనే అతని మూడు పాయింట్ల షాట్లు నూటికి 37 దాటాయి.

కనుక మిత్రులారా, ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. రోజూ సాధన చివర, ఒళ్లు అలసిన తరువాత, 50 ఫ్రీ త్రోలు వేసి ఎన్ని పడ్డాయో రాసుకోండి. మూడు నెలల లెక్క చేతిలో వుంటే ఏ సెలెక్టరూ దానిని కొట్టిపారేయలేడు. మన ఆరుబయట కోర్టులో గాలికి అలవాటుపడ్డ చెయ్యి హైదరాబాదు ఇండోర్ స్టేడియంలో మొదటి రోజు తడబడవచ్చు, చెక్కనేల మీద అడుగు కూడా కొత్తగా వుంటుంది. వీలైతే ఒకరోజు ముందే వెళ్లి నాలుగు షాట్లు వేసుకోవడం మంచిది.

బంతి చేతిలో లేనప్పుడు

నలభై నిమిషాల ఆటలో పదిమంది ఆటగాళ్లు, ఒకటే బంతి. సమానంగా పంచినా ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలే. మిగిలిన ముప్పై ఆరు నిమిషాలూ అతనేం చేస్తున్నాడు? నేను ఇప్పుడు ఎంపికల్లో ఒక పని చేస్తాను. అయిదు నిమిషాలపాటు బంతిని చూడకుండా ఒక్క ఆటగాడినే చూస్తాను. ఎదుటివాళ్లు బంతి తీసుకుని ఉరికితే వెనక్కు పరుగెత్తాడా, నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడా? తనవాడు దాటిపోతే పక్కవాడికి కేక వేసి చెప్పాడా? షాట్ పైకి లేవగానే తన మనిషిని ఒంటితో ఆపి రీబౌండ్‌కు పోయాడా? తప్పు చేసినప్పుడు కోచ్ మొహం చూస్తాడా, తరువాతి పనికి పోతాడా? ఈ పనులకు స్కోరుబుక్కులో గడి లేదు. కాని బలమైన జట్టులో కొత్తవాడిని కోర్టులో వుంచేవి ఇవే.

వయసు మరో మాట. విశ్వవిద్యాలయాల మధ్య పోటీల్లో 17 ఏండ్లవాడి నుంచి 25 ఏండ్లవాడి దాకా ఆడవచ్చు. 24 ఏండ్లవాడు 18 ఏండ్లవాడిమీద ఇరవై పాయింట్లు చేస్తే దానిలో వయసు పాలు ఎంతో తీసేయాలి. 18 ఏండ్లవాడు పెద్దవాళ్లమీద ఎనిమిది పాయింట్లు చేస్తే దానికి కొంత కలపాలి. అట్లాగే ఎవరిమీద ఆడాడన్నది. పక్క కళాశాలమీద ఆడినవి పది మ్యాచిలు చూడడంకంటే దక్షిణ మండల పోటీల్లో తమిళనాడు, కేరళ జట్లమీద ఆడిన ఒక్క మ్యాచి చూడడం మేలు. ఇప్పుడు సెల్‌ఫోన్లో మంచి షాట్లు మాత్రం ఏరి వీడియో కట్టే అలవాటు వచ్చింది. పంపితే పూర్తి మ్యాచి పంపండి, తప్పులతో సహా.

పైన ఎన్ని మెట్లు?

ఇక నిజం మాట్లాడుకుందాం. ఎన్‌బీఏలో 30 జట్లు, జట్టుకు 15 మంది మామూలు ఒప్పందాలవాళ్లు. మొత్తం 450 మంది. భారతదేశంలో పుట్టి ఆ డ్రాఫ్టులో ఎంపికైన మొదటివాడు పంజాబులోని బల్లోకే గ్రామంవాడైన సత్నాం సింగ్. 2015లో డల్లాస్ జట్టు 52వ వాడుగా తీసుకున్నది. ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. అయినా ఎన్‌బీఏ సీజనులో ఒక్క మ్యాచి కూడా ఆడలేకపోయాడు. ఎత్తు తలుపు దాకా తీసుకుపోతుంది, లోపల నిలబెట్టేది వేరే.

మన దేశంలో వృత్తి లీగ్‌లు వచ్చాయి, పోయాయి. 2015లో మొదలైన యూబీఏ లీగ్‌లో హైదరాబాద్ స్కై అనే జట్టు కూడా వుండేది. 2017తో ఆ లీగ్ ఆగిపోయింది. 2022లో ఐఎన్‌బీఎల్ వచ్చింది. 2025లో దాని 25 ఏండ్లలోపు వారి పోటీలో హైదరాబాద్ ఫాల్కన్స్ పేరుతో ఒక జట్టు ఆడింది. సంతోషమే. కాని ఏటా కొన్ని వారాలు నడిచే లీగ్‌మీద ఒక ఇల్లు నడవదు.

అందుచేత ఇక్కడ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను పోషించినవి ఇంతదాకా రైల్వేలు, సర్వీసెస్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు వంటి సంస్థలే. భృగువంశీనే చూడండి. వారణాసిలో ఆట నేర్చి, ఓఎన్‌జీసీలో ఉద్యోగం చేస్తూ భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు. 2017లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ 36ఎర్స్ జట్టు అతనితో ఒప్పందం చేసుకున్నది. 2020లో అర్జున పురస్కారం వచ్చింది. మహిళల్లో కేరళకు చెందిన గీతు అన్నా జోస్ దక్షిణ రైల్వే ఉద్యోగినిగా వుంటూనే ఆస్ట్రేలియాలో ఆడి, 2011లో అమెరికా మహిళా లీగ్ జట్ల పరీక్షలదాకా పోయింది. వీరిద్దరికీ కాలికింద ఉద్యోగం అనే నేల వుంది. ఆ నేలమీద నిలబడే ఎగిరారు.

రైల్వే క్రీడాకోటాకు సాధారణంగా వయసు 18 నుంచి 25 ఏండ్లలోపు వుండాలి. కావలసినది ఊరిలో పేరు కాదు, రాష్ట్ర జట్టు తరఫునో విశ్వవిద్యాలయం తరఫునో ఆడిన ధ్రువపత్రం. అంటే మన విద్యార్థి ముందున్న మెట్లు ఇవి: కళాశాల జట్టు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం జట్టు, దక్షిణ మండలం, రాష్ట్ర జట్టు, ఆపైన ఉద్యోగం. అక్కడి నుంచి లీగ్, దేశం. ఒక మెట్టు ఎక్కిన తరువాతే పై మెట్టు గురించి అంచనా వేయడం న్యాయం.

ఆ అబ్బాయికి నా జవాబు

వారం తరువాత అతణ్ణి పిలిచి ఫిజికల్ డైరెక్టరు గారి గదిలో కూర్చోబెట్టాను. మేమిద్దరం కలిసి కొలిచింది, చూసింది ఒక కాగితంమీద రాసి చేతికిచ్చాను. బార ఎత్తుకంటే నాలుగంగుళాలు ఎక్కువ, అది నీ ఆస్తి. పక్కనడక బాగుంది. షాట్ పద్ధతి బాగుంది కాని అలసిపోతే మోచెయ్యి పక్కకు పోతున్నది. ఎడమచెయ్యి లేదు. నీ ఎత్తుకు పైన గార్డ్‌గానే తీసుకుంటారు గనుక అది పెద్దలోటు. బంతి పోగానే నిలబడిపోతున్నవు.

"అయితే పనికిరానా సార్?" అన్నాడు. మొహం చిన్నబోయింది.

"ఎన్‌బీఏ నీకు లేదు బిడ్డా, అది ఈ రోజే చెప్తున్న. విశ్వవిద్యాలయం జట్టుకు పనికొస్తవు. రాష్ట్ర జట్టుకు పనికొస్తవో లేదో వచ్చే డిసెంబరుకు నీ ఎడమచెయ్యి చెప్తది, నేను కాదు. అప్పటిదాక ఒక్క పరీక్ష కూడా వదలొద్దు. వదిలితే నేనే జట్టులోంచి తీసేయిస్త."

కాసేపు కాగితం వంక చూశాడు. "నన్నింత సేపు ఎవరూ చూడలే సార్" అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. మరునాడు పొద్దున నేను వచ్చేసరికి కోర్టులో ఒక్కడే వున్నాడు, కుడిచెయ్యి వెనక్కు పెట్టుకుని ఎడమచేత్తో బంతి కొడుతున్నాడు. పదిసార్లకు నాలుగుసార్లు జారిపోతున్నది.

అధ్యాపక మిత్రులకు, పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. మన పిల్లలు ఇటువంటి ప్రశ్న అడిగినప్పుడు భుజం తట్టి పంపడం తేలిక, నిరుత్సాహపరచి పంపడం ఇంకా తేలిక. ఆ రెండూ చేయకుండా టేపు తీసి కొలవండి, అయిదు నిమిషాలు బంతిని వదిలి మనిషిని చూడండి, చూసింది రాసి ఇవ్వండి. తరువాత ఏం చేయాలో వాళ్లే చేసుకుంటారు.